చివరి 37 పేజీలు

నడుస్తున్న ఆటను ఆపకుండా, ఆడేవాళ్లకు తెలియనివ్వకుండా, ఆ ఆటను మోస్తున్న కంప్యూటర్‌నే మార్చేయవచ్చని 2005 మే నెలలో బోస్టన్‌లో జరిగిన ఒక సదస్సులో ఎనిమిది మంది చూపించారు. క్రిస్టొఫర్ క్లార్క్, కీర్ ఫ్రేజర్, స్టీవెన్ హ్యాండ్, జేకబ్ హాన్సెన్, ఎరిక్ యూల్, క్రిస్టియన్ లింపాక్, ఇయాన్ ప్రాట్, ఆండ్రూ వార్‌ఫీల్డ్. ఇద్దరు కోపెన్‌హాగెన్ వాళ్లు, మిగతావాళ్లు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు. వాళ్లు పరీక్షకు పెట్టిన వాటిలో క్వేక్ 3 అనే తుపాకుల ఆట ఒకటి. ఆరుగురు ఆటగాళ్లు ఒకే మైదానంలో ఒకరినొకరు వేటాడుతుండగా, ఆ మైదానాన్ని మొత్తంగా ఒక మెషీన్‌లోంచి తీసి ఇంకో మెషీన్‌లో పెట్టారు. మధ్యలో మైదానం ఎక్కడా నడవని సమయం 60 మిల్లీసెకన్లు. ఆడుతున్నవాళ్లు గమనించనే లేదు.

ఈ సంగతిని చాలామంది ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. నాకు ఆ వాక్యం చాలదు. ఆ 60 మిల్లీసెకన్లు ఎలా సాధించారన్న దాంట్లోనే పనితనమంతా ఉంది. బొగ్గు గనుల ఊళ్లయిన గోదావరిఖని, రామగుండం వైపు నుంచి చూస్తే దీనికి ఇంకో విలువ కూడా కనిపిస్తుంది. అది బొగ్గు లెక్క. ముందు దాని సంగతి చూద్దాం.

నెట్‌లో నడిచే ఆటలకు, బొమ్మల లోకాలకు జనం రోజంతా ఒకేలా రారు. రాత్రి తొమ్మిదింటికి కిటకిటలాడిన మైదానం తెల్లవారుజామున నాలుగింటికి బోసిగా ఉంటుంది. మైదానానికో మెషీన్ చొప్పున కేటాయిస్తే సగం పూట అవన్నీ ఊరికే నడుస్తుంటాయి. ఊరికే నడిచినా కరెంటు తింటాయి. ఏ పనీ లేని సర్వర్ కూడా నిండు పనిలో తినే కరెంటులో దాదాపు సగం తింటుందని గూగుల్‌కు చెందిన లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జ్‌లె 2007లో రాశారు. ఆ తర్వాత వచ్చిన మెషీన్లు చాలా మెరుగుపడ్డాయి గానీ, పని సున్నా అయితే కరెంటూ సున్నా అనే చోటికి ఇంకా చేరలేదు. ఖాళీగా 200 వాట్లు తినే సర్వర్ ఏడాది పొడుగునా అలాగే ఉంటే 1,752 యూనిట్లు ఖర్చవుతాయి. మన దేశపు బొగ్గుతో యూనిట్‌కు రమారమి 0.7 కిలోలు కాలాలి. అంటే ఎవరూ ఆడని ఆట కోసం ఏడాదికి 1,200 కిలోలకు పైగా బొగ్గు బూడిదవుతుంది. ఒక్క మెషీన్‌కు ఇంత. డేటా సెంటర్‌లో ఉండేది ఒకటీ రెండూ కాదు.

ఆ బొగ్గు ఎక్కడి నుంచో వస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. సింగరేణి గనుల నుంచి దానికి బొగ్గు మోయడానికి విడిగా రైలు మార్గమే ఉంది. గ్రిడ్‌లో కలిశాక ఏ యూనిట్ ఏ ఊరిదో విడదీసి చెప్పలేం. అయినా హైదరాబాద్ కరెంటుకు ఉన్న పెద్ద ఆధారాల్లో రామగుండం ఒకటి. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్ కోసం హైదరాబాద్ రీజియన్ తెరిచింది. అందులో మూడు విడి విడి జోన్లున్నాయి. కాబట్టి సర్వర్లను ఎంత పొదుపుగా పంచుకుంటున్నారన్నది ఎక్కడో అమెరికా వాళ్ల సమస్య కాదు. బాయి దిగి షిఫ్టు చేసి వచ్చిన మనిషి తవ్విన బొగ్గు ఖాళీ మైదానం కోసం కాలిపోకూడదు. ఈ పనిని నేను ఇంత దగ్గరగా చూడాలనుకోవడానికి మొదటి కారణం అదే.

పంచుకోవడం పాత విద్యే. ఒక మెషీన్‌ను పది మెషీన్లుగా కనిపించేలా చేయడం ఐబీఎం వాళ్లు 1960ల్లోనే తమ పెద్ద కంప్యూటర్ల మీద చేశారు. ఇంటెల్ చిప్పులకు ఆ గుణం పుట్టుకతో లేదు. కొన్ని ఆదేశాలు పై అధికారికి తెలియకుండానే జరిగిపోయేవి, దాంతో పంపకం చేసే ప్రోగ్రామ్‌కు పట్టు దొరికేది కాదు. వీఎంవేర్ సంస్థ ఆ ఆదేశాలను నడుస్తుండగానే మార్చి రాసే ఉపాయంతో దారి తీసింది. కేంబ్రిడ్జ్ వాళ్లు 2003లో ప్రకటించిన జెన్ వేరే దారి పట్టింది. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌నే కొద్దిగా సవరించి, తాను పంచుకున్న మెషీన్ మీద ఉన్నానని దానికి తెలిసేలా చేసింది. పంపకం చేసే ఆ ప్రోగ్రామ్‌ను హైపర్‌వైజర్ అంటారు. దాని మీద నడిచే ఒక్కో భాగం ఒక వర్చువల్ మెషీన్. 2006లో అమెజాన్ అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టిన కంప్యూటర్లు నడిచింది ఈ జెన్ మీదే.

అయితే పంచడం ఒక్కటీ వస్తే సరిపోదు. ఒక మెషీన్ మీద నాలుగు మైదానాలు పెట్టామనుకుందాం. రాత్రికి నాలుగూ ఒకేసారి నిండితే ఇరుకు. తెల్లవారుజామున పది మెషీన్ల మీద తలా ఒక మైదానం మిగిలితే దండగ. నిండినప్పుడు ఒకదాన్ని పక్కకు జరపాలి, ఖాళీ అయినప్పుడు అన్నిటినీ ఒక చోటికి చేర్చి మిగతా మెషీన్లు కట్టేయాలి. జరపడం చేతకాకపోతే పంచుకోవడం సగం విద్యే. జరపడానికి ఆట ఆపాల్సి వస్తే ఎవరూ జరపరు. అందుకే 2005 నాటి ఆ పని లేకుండా పంపకానికి నిండుదనం రాదని నా అభిప్రాయం.

పరీక్షకు ఆటను పెట్టడంలోనే వాళ్ల ధైర్యం తెలుస్తుంది. వెబ్ పేజీ అరక్షణం ఆలస్యమైతే చదివేవాడు నెట్ స్లోగా ఉందనుకుని ఊరుకుంటాడు. ఆటలో అలా కుదరదు. క్వేక్ 3 సర్వర్ మామూలుగా సెకనుకు 20 సార్లు లోకాన్ని లెక్కగడుతుంది. ఎవరు ఎక్కడున్నారు, ఎటు తిరిగారు, గాలిలో ఉన్న రాకెట్ ఎంత దూరం వెళ్లింది, ఎవరికి తగిలింది, ప్రతి 50 మిల్లీసెకన్లకూ కొత్త లెక్క. ఆ రాకెట్ మెమరీలో కొన్ని బైట్లు మాత్రమే. లోకం ఇల్లు మారే వేళ అది గాలిలోనే ఉంటుంది. కొత్త మెషీన్‌లో కళ్లు తెరిచేసరికి అదే చోట, అదే వేగంతో, అదే దిక్కులో ఉండాలి. పోకూడదు, రెండు కాకూడదు.

ఆ సర్వర్ ఉన్న వర్చువల్ మెషీన్ మెమరీ 64 ఎంబీ. ఇప్పటి లెక్కల్లో చాలా చిన్నది. మెమరీని కంప్యూటర్ 4 కేబీల పేజీలుగా చూస్తుంది కాబట్టి 16,384 పేజీలు. తేలిక దారి ఒకటుంది. ఆట ఆపి, పేజీలన్నీ నకలు చేసి, అక్కడ మళ్లీ మొదలుపెట్టడం. సెకనుకు 100 మెగాబిట్లు మోసే తీగ మీద దానికి 5 సెకన్లకు పైనే పడుతుంది. సెకనుకు 20 సార్లు తిరిగే లోకానికి అది వంద చుట్లకు పైన. ఈలోగా ఆరుగురూ కనెక్షన్ పోయిందనుకుంటారు.

వాళ్లు ఎంచుకున్న పద్ధతిని లాంగ్‌వాల్ అనే బొగ్గు తవ్వకం తెలిసినవాళ్లకు చెప్పడం సులువు. రామగుండం-3 ఏరియా దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గని 2014లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. అక్కడ ఫేస్, అంటే బొగ్గు కోసే గోడ, పొడవు 250 మీటర్లు. ఆ పొడుగునా హైడ్రాలిక్ షీల్డులు వరుసగా నిలబడి పైకప్పును మోస్తుంటాయి. షీరర్ అనే కోత యంత్రం బొగ్గు కోసుకుంటూ పోయాక ఒక షీల్డు కిందికి దిగి, ముందుకు జరిగి, మళ్లీ కప్పును పట్టుకుంటుంది. ఆ కాసేపు పక్క షీల్డులు బరువు కాస్తాయి. తర్వాత ఇంకోటి. మొత్తం వరుస ముందుకు వెళ్తుంది గానీ కప్పు కింద ఆధారం లేని క్షణం ఉండదు. వెనక బొగ్గు తీసేశాక ఖాళీ అయిన చోటు, గోఫ్, తనంతట తాను కూలుతుంది. జెన్ కూడా లోకాన్ని ఒక్కసారిగా ఎత్తదు. ఆట పాత మెషీన్ మీద నడుస్తూ ఉండగానే పేజీలను కొత్త మెషీన్‌కు పంపుతూ పోతుంది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది, అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. జరిగిన షీల్డు జరిగిన చోటే ఉంటుంది. పంపిన పేజీ అలా ఉండదు. పంపిన మరుక్షణం ఆట ఆ పేజీలో ఏదో రాస్తుంది, అక్కడికి చేరిన నకలు పాతబడిపోతుంది. కాబట్టి ఏ పేజీ పాతబడిందో తెలియాలి. దీనికి వాళ్లు వాడిన ఉపాయం నాకు చాలా ఇష్టం. పంపడం మొదలుపెట్టగానే హైపర్‌వైజర్ పేజీలన్నిటి మీదా చదవచ్చు, రాయకూడదు అని గుర్తు పెడుతుంది. ఆట మొదటిసారి ఒక పేజీలో రాయబోతే ఆ గుర్తు అడ్డం పడి, పగ్గం హైపర్‌వైజర్ చేతికి వస్తుంది. అది ఒక పట్టీలో ఆ పేజీ ఎదురుగా టిక్కు పెట్టి, రాసుకోవడానికి అనుమతిచ్చి వదిలేస్తుంది. ఆ పేజీ మీద అదే చుట్టులో ఎన్నిసార్లు రాసినా ఇక అడ్డం ఉండదు. ఆటకు ఇదంతా జరిగిందని తెలియదు. చుట్టు పూర్తయ్యాక పట్టీ తీసుకుని, టిక్కు ఉన్న పేజీలను మాత్రమే మళ్లీ పంపుతారు. పట్టీ తుడిచి, గుర్తులు మళ్లీ పెడతారు. మరో చుట్టు.

మొదటి చుట్టులో 16,384 పేజీలు. రెండో చుట్టులో మొదటిది జరుగుతున్నంత సేపట్లో మారినవే. రెండోది చిన్నది కాబట్టి త్వరగా అవుతుంది, ఆ తక్కువ సమయంలో మారేవీ తక్కువే, మూడోది ఇంకా చిన్నది. ఈ లెక్క సున్నా దాకా పోతుందనిపిస్తుంది. పోదు. కొన్ని పేజీల మీద ఆట ఆగకుండా రాస్తూనే ఉంటుంది, వాటిని ఎన్నిసార్లు పంపినా దండగే. ఆ గుంపును ముందే గుర్తించి, దాని పరిమాణం కొలవడమే వీళ్ల పనికి వెన్నెముక. పద్ధతి రాయకముందే కొలతలు తీశారు. లినక్స్ కెర్నల్ కంపైల్ చేస్తూ, డేటాబేస్ నడుపుతూ, వెబ్ సర్వర్ మీద బరువు పెడుతూ, క్వేక్ ఆడిస్తూ, ఏ ప్రోగ్రామ్ ఎంత సమయంలో ఎన్ని పేజీలు మారుస్తుందో పట్టీలు తీసి గీతలు గీశారు. ఆటకు ఈ గుంపు చిన్నదని ఆ గీతల్లో తేలింది. మైదానం గోడలు మారవు. మారేది ఆరుగురు మనుషులు, వాళ్ల గుళ్లు, వాళ్ల స్కోర్లు.

ఆ కొలతల వల్లే ఏది చివరికి వదిలేయాలో వాళ్లకు తెలిసింది. ఒక పేజీని పంపబోయే ముందు అది ఈ చుట్టులోనే అప్పటికే మారిందేమో చూస్తారు. మారి ఉంటే పంపరు. ఎలాగూ మళ్లీ మారుతుంది, మళ్లీ పంపాలి, ఇప్పుడు మోయడం ఎందుకని పక్కన పెడతారు. చేతిలో పని ఉన్నప్పుడు చేసేయాలని తొందరపడే మనసుకు ఇది తోచదు. కొలిచి చూసినవాడికే తోస్తుంది.

వేగం విషయంలోనూ అంతే శ్రద్ధ. తీగ మొత్తం పేజీల మోతకే వాడితే ఆటగాళ్లకు వెళ్లాల్సిన ప్యాకెట్లు వెనకబడతాయి, దాచాలనుకున్న కుదుపు అక్కడే బయటపడుతుంది. అందుకని మొదటి చుట్టును కావాలనే నిదానంగా నడుపుతారు. ప్రతి చుట్టు తర్వాత ఆట ఎంత వేగంగా పేజీలు మారుస్తోందో చూసి, దానికి సెకనుకు 50 మెగాబిట్లు కలిపి తర్వాతి చుట్టు వేగం కడతారు. ఆ 50 సిద్ధాంతంలోంచి వచ్చింది కాదు. చేత్తో సవరించుకుంటూ కుదిరిన చోట ఆపిన అంకె, ఆ మాట వాళ్లే చెప్పుకున్నారు. మిగిలింది 256 కేబీల కంటే తగ్గినప్పుడు, లేదా కావాల్సిన వేగం పెట్టుకున్న హద్దు దాటినప్పుడు, చుట్లు చాలించి ఆటను ఆపుతారు.

క్వేక్ సర్వర్‌ను ఆపిన క్షణానికి పంపాల్సినవి 148 కేబీలు మిగిలాయి. 4 కేబీల లెక్కన 37 పేజీలు. గాలిలో ఉన్న ఆ రాకెట్, పరిగెడుతున్న కాళ్లు, అప్పుడే తగిలిన దెబ్బ, ఆ లోకంలో ఆ క్షణాన ప్రాణంతో ఉన్నదంతా 16,384 పేజీల్లోంచి వడకట్టగా 37 పేజీల్లోకి వచ్చింది. వాటిని మోయడానికి 20 మిల్లీసెకన్లు పట్టింది. మిగతా 40 అక్కడ మెషీన్‌ను లేపడానికే అయ్యాయి. ఈ విడివిడి లెక్క వాళ్లు ఇవ్వడం నాకు ఎంతో నచ్చింది. 60 అని ఒక్క అంకె చెప్పి మెప్పు పొందవచ్చు. అందులో మూడింట రెండు వంతులు తమ పద్ధతి తెలివిలో కాక మామూలు చాకిరీలో పోయాయని రాసిపెడితే, తర్వాత వచ్చేవాడికి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఆటగాళ్ల వైపు నుంచి కూడా కొలిచారు. సర్వర్‌ను రెండుసార్లు జరిపి, ప్యాకెట్ల మధ్య ఎడం ఎంత పెరిగిందో చూస్తే 50 మిల్లీసెకన్ల దరిదాపు. ఆట లోకానికి అది ఒక చుట్టు తప్పిపోవడం. మొబైల్ డేటా మీద ఆడేవాళ్లకు అంతకంటే పెద్ద కుదుపులు రోజూ అలవాటే.

ఇంకో రెండు చిన్న పనులున్నాయి. లోకం కొత్త మెషీన్‌కు చేరాక, ఆ చిరునామాకు వచ్చే ప్యాకెట్లు ఇక ఇటు రావాలని నెట్‌వర్క్‌లోని స్విచ్‌లకు తెలియాలి. కొత్త మెషీన్ ఎవరూ అడగకుండానే ఈ ఐపీ ఇప్పుడు నా దగ్గరుంది అని చాటింపు వేస్తుంది. అంతే, ఆటగాడి కంప్యూటర్ అదే చిరునామాతో మాట్లాడుతూ ఉంటుంది. దీనికి రెండు మెషీన్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి, డిస్కు కూడా రెండిటికీ అందే ఉమ్మడి చోట ఉండాలి. రెండో పని భద్రతది. కొత్త మెషీన్ మొత్తం అందిందని ఒప్పుకునే దాకా పాతది తన నకలును వదలదు. మధ్యలో అటువైపు కరెంటు పోయినా, తీగ తెగినా, పాతది ఏమీ జరగనట్టు ఆట కొనసాగిస్తుంది. ఏ క్షణంలో చూసినా ఎక్కడో ఒకచోట నిండైన లోకం ఒకటి ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే ఇలాంటి సౌకర్యాన్ని వీఎంవేర్ 2003లోనే అమ్మకానికి పెట్టింది. కేంబ్రిడ్జ్ వాళ్ల గొప్పతనం మొదట చేయడంలో లేదు. లోపలి భాగాలన్నీ విప్పి, కొలిచి, ఎవరైనా మళ్లీ కట్టుకునేలా బయట పెట్టడంలో ఉంది. ఇవాళ క్యూఈఎంయూ, కేవీఎం అనే హైపర్‌వైజర్ ప్రోగ్రామ్‌లు నడుస్తున్న మెషీన్లను జరిపే తీరుకు ఆ చుట్ల పద్ధతే మూలం. ఎంత ఆగుడును ఓర్చుకోవాలో చెప్పే అంకె క్యూఈఎంయూలో మామూలుగా 300 మిల్లీసెకన్లు ఉంటుంది. మెమరీ ఎంబీల నుంచి వందల జీబీలకు పెరిగింది కాబట్టి, ఆట పేజీలు మార్చే వేగాన్ని తీగ అందుకోలేని సందర్భాలు వస్తాయి. అప్పుడు కావాలంటే క్యూఈఎంయూ ఆ వర్చువల్ మెషీన్ ప్రాసెసర్‌నే కొంచెం కొంచెంగా నెమ్మదింపజేయగలదు. లోపలి లోకానికి కాలం మందగిస్తుంది, పేజీలు తక్కువగా మారతాయి, మోత పూర్తవుతుంది. ఐస్‌లాండ్‌లో పుట్టిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష లోకం వేరే వైపు నుంచి ఇదే ఉపాయానికి వచ్చింది. వేలమంది ఒకే చోట యుద్ధానికి దిగితే సర్వర్ కుప్పకూలకుండా ఆటలో కాలాన్నే పదో వంతు దాకా తగ్గిస్తుంది. 2014 జనవరిలో జరిగిన ఒక పెద్ద యుద్ధం అలా నెమ్మదించిన కాలంలోనే గంటల తరబడి సాగింది.

క్లౌడ్ సంస్థలు ఈ విద్యను మరమ్మతుల కోసం కూడా వాడుతున్నాయి. పాడయ్యే సూచనలున్న మెషీన్లను ముందే పసిగట్టి, వాటి మీది వర్చువల్ మెషీన్లను నడుస్తుండగానే వేరే చోటికి జరుపుతున్నామని 2018లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. గూగుల్ కూడా తన మెషీన్ల మరమ్మతు వేళ అద్దెదారులను ఇలాగే జరుపుతుంది.

సులువుగా జరపలేనివి ఇంకా ఉన్నాయి. ఆట బొమ్మలను గీసే గ్రాఫిక్స్ కార్డు తగిలించిన మెషీన్లు వాటిలో ముఖ్యమైనవి. మామూలు మెమరీలో ఏ పేజీ మారిందో హైపర్‌వైజర్‌కు తెలుస్తుంది, కానీ కార్డు తన సొంత మెమరీలో ఏం రాసుకుందో, ఏ లెక్క మధ్యలో ఉందో బయటికి అంత తేలిగ్గా చెప్పదు. బొమ్మలన్నీ డేటా సెంటర్‌లోనే గీసి ఫోన్‌కు పంపే ఆటలు, కృత్రిమ మేధ పనులు నడిచేది ఆ కార్డుల మీదే. కరెంటు ఎక్కువగా తినేదీ అవే. ఈ ఎనిమిది మంది చేసినంత ఓపికగా ఆ కార్డుల లోపల కొలతలు తీసే పని సాగాలి. ఎందుకంటే గూగుల్ క్లౌడ్‌లో గ్రాఫిక్స్ కార్డున్న మెషీన్లకు మరమ్మతు వస్తే, ముందుగా కబురు పంపి ఆపేయడమే ఇప్పటికీ పద్ధతి.